సగం మట్టి పాటతో

మాకొపానోకి చెవుడు ఎప్పుడు మొదలైందో మా ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. నది అవతల డబ్బాల ఫ్యాక్టరీలో మిషన్ల మోతకి చెవులు పోయాయని కొందరంటారు. కొడుకు పోయిన దుఃఖానికని ఇంకొందరంటారు. నిజం నాకు తెలుసు. కొడుకు పోవడానికి మూడేళ్ళ ముందే ఆవిడ కుడి చెవి పూర్తిగా పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. నాకు చెప్పింది, అదీ నేను కనిపెట్టేశాక.

ఆవిడ దగ్గర ఒక ట్యూనింగ్ ఫోర్క్ ఉండేది. రెండు కాళ్ళ ఇనప కడ్డీ అది. మోకాలి మీద కొడితే సన్నగా ఒకే స్వరం మోగుతుంది. పాట ఎత్తేవాళ్ళు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి పట్టుకుంటారు. ఈవిడ మాత్రం దాని కాడని పళ్ళ మధ్య కరిచి పట్టుకునేది.

"ఏంటక్కా, పొద్దున్న గంజి తాగలేదా? ఇనుము నములుతున్నావు?" అన్నాను ఒకసారి.

"నోర్ముయ్యవే. ఎముకలోంచి వినబడుతుంది. కావాలంటే నువ్వూ చూడు."

కరిచి చూశాను. పళ్ళు జివ్వుమన్నాయి, పుర్రె అంతా మోగిపోయింది. "మరి చెవులెందుకిచ్చాడు దేవుడు?" అన్నాను నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. దుప్పటి భుజం మీదికి లాక్కుని అటు తిరిగిపోయింది. అప్పుడర్థమైంది నాకు.

నేను వంతెన గేటు దగ్గర మకోన్యా వేసి అమ్మేదాన్ని. పిండిముద్దలు నూనెలో వేయించడం, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడడం, ఇదే నా బతుకు. బడికి మూడేళ్ళే వెళ్ళాను. నన్ను మాలింపో అంటారు. పాటలో నాది ఆడవాళ్ళ కింది గొంతు. మాకొపానో పక్కన, ఆవిడ కుడి చేతి వైపు, పదేళ్ళకి పైగా నిలబడి పాడాను.

ఆవిడ పేరు గురించి ఒక మాట చెప్పాలి. మా దగ్గర కొత్త కోడలు అత్తింట్లో అడుగుపెట్టిన రోజే పాత పేరు పోతుంది. పుట్టబోయే బిడ్డకి ఏం పేరు పెట్టాలో అత్తవాళ్ళు ముందే అనుకుని, దానికి ముందు 'మా' చేర్చి కోడల్ని పిలుస్తారు. మాకొపానో అంటే కొపానో వాళ్ళమ్మ. కొపానో అంటే అందరూ ఒకచోట చేరడం. అయితే ఆ కొపానో పుట్టడానికి ఆరేళ్ళు పట్టింది. ఆరేళ్ళూ కుళాయి దగ్గర ఆడవాళ్ళు, "ఏమ్మా కొపానో వాళ్ళమ్మా, కొపానో ఇంకా బయల్దేరలేదా? దారి తప్పాడేమో!" అని ఏడిపించేవాళ్ళట. ఆవిడే చెప్పింది.

ఆ కుళాయి నది అవతలిది. ఆవిడ మొగుడిది అవతలి ఊరే. తెల్లవాళ్ళ ఊరి వెనకాల, చెర్రీ తోటలు దాటాక ఉండే మనవాళ్ళ పేట. అవతలా ఇవతలా ఒకే భాష, ఒకే దుప్పట్లు, ఒకే గంజి. మధ్యలో మొహొకారే నది, వంతెన, దాని మీద గేటు. అటు దక్షిణాఫ్రికా, ఇటు మా లెసోతో. మొగుడు బంగారు గనిలో రాయి కూలి పోయాడు. పోయిన రెండో నెల ఆఫీసువాళ్ళొచ్చి, "నువ్వు పుట్టింది లెసోతోలో. నీకిక్కడ ఉండే కాగితం లేదు" అన్నారు. పిల్లాడు అక్కడ పుట్టినవాడు, వాడికి కాగితం ఉంది. పన్నెండేళ్ళ కొపానోని బాబాయి దగ్గర వదిలి, మూట నెత్తిన పెట్టుకుని ఆవిడ వంతెన దాటి ఇవతలికొచ్చేసింది. ఆ రోజు నా బల్ల దగ్గర ఆగింది. ఏమీ కొనలేదు. ఊరికే నిలబడింది. నేనే ఒక మకోన్యా చేతిలో పెట్టాను. అలా మొదలైంది మా స్నేహం.

తర్వాత అవతల ఫ్యాక్టరీలో పని దొరికింది. పొద్దున్న పాసు చూపించి వెళ్ళాలి, గేటు మూసేలోపు వచ్చెయ్యాలి. కొడుకు ఇంటికి వెళ్ళి కూర్చునేంత సమయం ఉండదు. కొడుకుని తీరిగ్గా చూడ్డానికి ఆవిడకి మిగిలిన ఒకే ఒక్క సాకు, పాట.

మా చర్చిలో పాటలబృందం ఉంది, అవతలి పేటలోనూ ఒకటుంది. పాస్టర్లు మాట్లాడుకుని నెలకో ఆదివారం రెండూ కలిసి సాధన చేసేలా చేశారు. చర్చి పాట అనేసరికి గేటు దగ్గర వాళ్ళూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. మేం ఎర్ర జాకెట్లు, తెల్ల టోపీలు వేసుకుని దాటేవాళ్ళం. అవతలి బృందానికి పెద్ద మొఖేలే మేస్టారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ టై కట్టుకుని ఉండేవాడు. మమ్మల్ని చూడగానే మొదలుపెట్టేవాడు.

"వచ్చారర్రా కొండమేకలు! కిటికీలు మూయండి, అద్దాలు పగుల్తాయి."

"మేకలు నయం మేస్టారూ, కొండెక్కినా ఊపిరాడుతుంది. మీ మగాళ్ళు రెండో చరణానికే దగ్గుతారు, బొగ్గుపొగ మింగీ మింగీ," అనేది మాకొపానో.

నవ్వులయ్యాక సాధన. నవ్వడం అక్కడితో సరి, ఎందుకంటే ఆవిడ చేతిలో విల్లో చెట్టు కొమ్మతో చేసిన బెత్తం ఉండేది. మాకు పాట డో రే మీ స్వరాల్లో వస్తుంది. కాగితం మీద మాటల పైన స్వరాలు రాసి ఉంటాయి. చదవడం రాని ముసలమ్మలు కూడా డో రే మీ చదువుతారు. ముందు ఉత్త స్వరాలు పాడి, తర్వాత మాటలు పాడతాం. ఆవిడ పద్ధతి ఏంటంటే, రెండుసార్లు స్వరం, మూడోసారి మాట. లెక్క తప్పితే బెత్తం పిక్కల మీద పడేది. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒక గొంతు ఆగిపోతే పక్కవాడు అందుకోవాలి. దగ్గొచ్చినా, ఏడుపొచ్చినా, నేల బద్దలైనా పాటలో ఖాళీ ఉండకూడదు.

"గోడలో ఇటుక ఊడితే చూస్తూ కూర్చుంటావా? నీ చెయ్యి పెట్టు అక్కడ," అనేది.

మగవాళ్ళ పై గొంతు, దాన్ని టెనార్ అంటాం, ఆ వరసలో కొపానో, వాడి స్నేహితుడు టెఫో పక్కపక్కన నిలబడేవాళ్ళు. ఇద్దరికీ ఒకే కాగితం. ఎక్కువ దెబ్బలు తిన్నది టెఫోనే. వాడు మంచి గొంతున్న బద్ధకస్తుడు. కొపానో పాడుతుంటే వింటూ ఉండిపోయేవాడు.

"ఏరా టెఫో, టిక్కెట్టు కొనుక్కొచ్చావా వినడానికి?" అని ఒకటేసేది పిక్క మీద.

"అమ్మా, వాడు పాడుతున్నాడు కదా!"

"వాడు పోతే?"

అదొక ఊతపదం ఆవిడకి. ఎవరినైనా అనేది, "పక్కవాడు పోతే ఎవర్రా పాడేది?" అని. తర్వాత ఆ మాట తల్చుకుని ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు.

ఇరవై రెండేళ్ళప్పుడు కొపానో ఒక పాట కట్టాడు. చర్చి పాట కాదు. మేం నిలబడే వరసలు మనసులో పెట్టుకునే కట్టాడు, ఇవతలి ఆడవాళ్ళు ఒక ముక్క, అవతలి మగవాళ్ళు ఒక ముక్క.

నీళ్ళనడుగు, నీళ్ళనడుగు, ఏ ఒడ్డు ఎవరిదని.
అమ్మ ఇటు, బిడ్డ అటు, మధ్యన ఒక తాళం.

ఇక్కడ అందరూ ఆగిపోతాం. టెనార్ ఒక్కటే, ఒంటరిగా పిలుస్తుంది,

తాళం వేసినవాడా, తాళం తియ్యి.

అప్పుడు అందరం కలిసి, నీళ్ళొస్తున్నాయి, నీళ్ళొస్తున్నాయి, అని ముగిస్తాం. అంతే పాట. చిన్నది. తిప్పి తిప్పి ఎంతసేపైనా పాడొచ్చు. ఆ ఒంటరి ముక్క కొపానో పాడుతుంటే నా చేతుల మీద వెంట్రుకలు లేచేవి. మొదటిసారి విన్నాక మాకొపానో ఏమందో తెలుసా? "రెండో వరసలో మగవాళ్ళ కింది గొంతు మరీ దించావు, ముసలాళ్ళకి అందదు" అంది. అంతే. ఇంటికొచ్చే దారిలో వంతెన మధ్యలో ఆగి ముక్కు చీదుకుంది.

ఆ పాట పేటంతా పాకింది. బడిపిల్లలు పాడారు, పళ్ళ షెడ్డులో సమ్మె చేసినవాళ్ళు పాడారు. ఎనభై ఆరులో అవతల అత్యవసర పరిస్థితి పెట్టారు. ఎవర్నైనా ఎందుకైనా పట్టుకుపోవచ్చు. అదే రోజుల్లో ఆరు వారాల పోలీసులని తయారుచేశారు. పనిలేని కుర్రాళ్ళకి ఆరు వారాలు నేర్పి, నీలం బట్టలు తొడిగి, మనవాళ్ళ మీదికే వదిలారు. టెఫో చేరాడు. ఇంట్లో తల్లి, ముగ్గురు చెల్లెళ్ళు, పొయ్యి వెలిగి చాలా రోజులైంది. అయినా పేటలో వాడి మొహం మీదే ఉమ్మేవాళ్ళు. నా బల్ల దగ్గరికి ఒకసారొచ్చాడు.

"పిన్నీ, రెండివ్వవా?"

"నీలం చొక్కావాళ్ళకి నూనె అరగదురా," అన్నాను. అనకుండా ఉండాల్సింది. తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు జూన్ నెలలో కొపానోని పోలీసులు తీసుకుపోయారు. పదకొండు రోజులు ఎక్కడున్నాడో చెప్పలేదు. పన్నెండో రోజు జ్వరంతో పోయాడని ఒక కాగితం ఇచ్చారు. ఆ కాగితం మీద వాడి పేరు కూడా తప్పు రాశారు. శవాన్ని వంతెన దాటనివ్వం, అవతలే పూడ్చాలి అన్నారు.

దాంతోపాటు షరతులు. శనివారం పొద్దున్న ఎనిమిదింటికి మొదలెట్టి తొమ్మిదికల్లా ముగించాలి. యాభై మందికి మించి ఉండకూడదు. పాస్టరు తప్ప ఎవరూ ప్రసంగం చెయ్యకూడదు. పాడే పాటల్లోని మాటలన్నీ ముందే రాసిచ్చి అనుమతి తీసుకోవాలి.

శవాన్ని దించాక మా మగవాళ్ళు పారలు చేతులు మార్చుకుంటూ గుంత పూడుస్తారు. ఆ పూడ్చినంతసేపూ పాట ఆగకూడదు. పాట ఆగితే పార ఆగుతుంది. మొదటి పారెడు మట్టి నుంచి చివరి పారెడు దాకా పాట కింద కప్పాలి మనిషిని. ఉత్త మట్టి చప్పుడుతో కప్పేది కుక్కనే. మాకొపానోకి ఇక మిగిలిన కోరిక అదొక్కటే. కొడుకు మీద పడే మట్టి కొడుకు పాటతోనే పడాలి. ఇంకే పాటా వద్దు.

మొఖేలే మేస్టారు వంతెన దాటి ఇవతలికొచ్చాడు మాట్లాడ్డానికి. టై వంకరగా ఉంది.

"అమ్మా, ఆ మాటలు రాసిస్తే నన్నూ పట్టుకుపోతారు. పైగా ఆ తెల్ల పోలీసాఫీసరు పొలాల్లో మన ఆయాల వీపున పెరిగినవాడు, మన భాష మనకంటే శుభ్రంగా మాట్లాడతాడు. మోసం చెయ్యలేం. భక్తిపాట పాడదాం."

ఆవిడ ఫోర్క్ మోకాలి మీద కొట్టి పళ్ళ మధ్య పెట్టుకుంది. తర్వాత తీసి అంది, "మాటలు రాసిమ్మన్నారు. మాటలే లేకపోతే?"

"మాటల్లేని పాటేంటమ్మా?"

"డో రే మీ. సాధన చేసినట్టు. ఆయన మన భాషే నేర్చుకున్నాడు, మన స్వరాలు కాదు. మనకి మాటలు లోపల వినబడతాయి. కొపానోకీ వినబడతాయి."

మేస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మరి ఒంటరి ముక్క ఎవరు పాడతారు?"

"ఎవ్వరూ వద్దు. అది వాడిది. ఖాళీ వదిలెయ్యండి. నాలుగు లెక్కపెట్టి అందుకోండి."

"అక్కా, ఖాళీ వదిలితే నువ్వే కదా కొట్టేదానివి," అన్నాను.

"ఈ ఒక్కసారికి కొట్టనులే," అంది.

వారం రోజులు ఇవతల మేం, అవతల వాళ్ళు, విడివిడిగా సాధన చేశాం. ఎన్నిసార్లు తిప్పినా స్వరమే, మూడోసారి మాటలోకి పోకూడదు. అబ్బ, ఎంత కష్టమైందో! మూడోసారి రాగానే నాలుక దానంతటదే మాట వైపు పోతుంది. రంపంతో అలవాటుని కోసుకున్నట్టుంది. చివరికి సాధించాం.

శనివారం గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. మా పదహారు మందిని గేటు దగ్గర ఒక్కొక్కర్నీ తడిమి వదిలారు. శ్మశానం దగ్గర రెండు పోలీసు బండ్లు. ఆఫీసరు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. నీలం చొక్కాలు నలుగురు. వాళ్ళలో టెఫో. వాణ్ణి కావాలనే తెచ్చారో, వాడి వంతు పడిందో నాకు తెలీదు. మాకొపానోకి ఎడమ వైపు, నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆ ఎడమ చెవే ఆవిడకి కాస్త మిగిలింది. ఆవిడ వాడి వైపు చూడలేదు. వాడు నేల చూపులు చూశాడు.

పాస్టరు నాలుగు మాటలు చదివి ముగించాడు. పెట్టె దించారు. మేస్టారు మొదటి పార మట్టి వేశాడు. మాకొపానో ఫోర్క్ మోకాలి మీద కొట్టి, పళ్ళ మధ్య పెట్టి తీసి, ఎత్తుకుంది.

సో సో లా సో, మీ...

రెండు ఒడ్ల గొంతులు ఒక్కసారి లేచాయి. మాటల్లేకుండా. పారలు ఆ లెక్కకే పడుతున్నాయి. ఒంటరి ముక్క చోట అందరం ఆగాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చలిగాలి తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీలో కొపానో నిలబడ్డట్టే ఉంది. మళ్ళీ అందుకున్నాం.

ఆఫీసరు టెఫోని అడిగాడు, మా భాషలోనే, "ఏంట్రా ఈ గోల? ఏ పాట ఇది?"

"పాట కాదు సార్," అన్నాడు టెఫో. "బళ్ళో నేర్పే స్వరాలు. మాటలుండవు. పిల్లలప్పుడు అందరం నేర్చుకున్నవే."

విన్నాను నేను. మమ్మల్ని కాపాడాడు వాడు. అది నేను ఎక్కడైనా చెబుతాను.

రెండోసారి తిరిగింది పాట. మళ్ళీ ఖాళీ. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గుంత సగానికి నిండింది. మూడోసారి ఎత్తుకున్నాం. నేను టెఫో వైపే చూస్తున్నాను. వాడి పెదాలు కదులుతున్నాయి. మేం వారం రోజులు నాలుకకి కళ్ళెం వేసుకున్నాం, వాడు సాధనకి రాలేదు కదా. పక్కన కొపానో గొంతు లేదు. రెండుసార్లు స్వరం, మూడోసారి మాట. ఒక గొంతు ఆగితే పక్కవాడు అందుకోవాలి. చిన్నప్పటి నుంచి పిక్కల మీద పడ్డ ఆ దెబ్బలన్నీ ఒక్కసారి లేచినట్టు, ఖాళీ రాగానే వాడు తల పైకెత్తి గొంతు విప్పాడు.

తాళం వేసినవాడా, తాళం తియ్యి!

ఎంత బాగా పాడాడో. ఆ బద్ధకస్తుడు ఒక్కనాడూ అంత బాగా పాడలేదు.

మాకొపానో ఎడమ వైపుకి తిరిగింది. ఆవిడ మొహం చూశాను. నవ్వింది. నవ్వి, ఎవర్నో వెతుక్కుంటున్నట్టు నీలం చొక్కాని దాటి వెనక్కి చూసింది. ఒక్క క్షణం, కొడుకే పాడాడనుకుంది. తర్వాత ఆవిడ చూపు టెఫో నోటి మీద ఆగింది. నవ్వు ఎలా వచ్చిందో అలాగే పోయింది.

"ఆపండి!" అన్నాడు ఆఫీసరు. పాట తెగిపోయింది. టెఫో రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆఫీసరు నిదానంగా దగ్గరికొచ్చి, వాడి టోపీ తీసేసి, బెల్టు విప్పించాడు.

"మాటలుండవన్నావు?"

వాణ్ణి బండిలోకి నెట్టారు. ఎక్కేముందు మా వైపు తిరిగి, "అమ్మా, నేను కావాలని..." అన్నాడు. తలుపు పడింది.

పారలు ఆగిపోయాయి. పాట లేకుండా ఎవరూ మట్టి వెయ్యరు. "ఇంకెవరైనా నోరు విప్పితే పెట్టె పైకి తీయించి పట్టుకుపోతాను. తొమ్మిది కావస్తోంది. పూడ్చండి," అన్నాడు ఆఫీసరు. మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి మొఖేలే మేస్టారే కన్నీళ్ళు కారుతుండగా పార అందుకున్నాడు. గడ్డకట్టిన మట్టి రాళ్ళలా పడింది. ధన్, ధన్, ధన్. ఆ చప్పుడు నేను చచ్చేదాకా మర్చిపోను.

మాకొపానో కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఏడుపుకి మిగిలిన చెవి కూడా మూసుకుపోయిందో ఏమో.

"మగవాళ్ళు పాడుతున్నారా? మెల్లగానైనా?" అని అడిగింది.

"పాడుతున్నారక్కా," అన్నాను.

ఆవిడ తలాడించింది. పెదాలు కదిపింది లెక్కకి. నేనప్పుడు ఇంకేం చెప్పగలను?

ఆ రోజే గేటు దగ్గర ఆవిడ పాసు మీద అడ్డంగా ముద్ర కొట్టారు. ఇక అవతల అడుగుపెట్టకూడదు. ఫ్యాక్టరీ పని పోయింది. కొడుకు సమాధి వంతెనకి నడక దూరంలో ఉంది, చూసే దారి లేదు. రెండు బృందాలూ కలవడం కూడా అక్కడితో సరి. టెఫో సంగతి ఎన్ని రకాలుగా విన్నానో. జైల్లో వేశారన్నారు, గనులకి పారిపోయాడన్నారు. పేటవాళ్ళే ఏదో చేశారని ఇంకొకరు. వాడి తల్లి ఒక రోజు వంతెన దాటి నా బల్ల దగ్గరికొచ్చింది.

"మీ అక్క నేర్పిన పాట ఎంత పని చేసిందో చూశావా? నా కొడుకుని అటు వాళ్ళూ తమవాడనుకోలేదు, ఇటు వాళ్ళూ తమవాడనుకోలేదు. మధ్యలో పోయాడు."

ఆ మాట మాకొపానోకి చెప్పకుండా ఉండాల్సింది. నా నోరు సంగతి తెలిసిందేగా, చెప్పేశాను. ఆవిడ కూరాకు తరుగుతోంది. కత్తి ఆపింది.

"మూడోసారి మాట అని వాడికి నేర్పింది నేనేగా. పక్కవాడు పోతే ఎవడ్రా పాడేదని అడిగింది నేనేగా. వాడు జవాబు చెప్పాడు."

ఆ పైన ఎవరికీ పాట నేర్పలేదు ఆవిడ. విల్లో బెత్తం పొయ్యిలో పెట్టింది.

ఏళ్ళు గడిచాయి. అవతల కాలం మారింది, గేటు వదులైంది. ఒక ఆదివారం బృందంలో మిగిలినవాళ్ళం ఏడుగురం ఆవిడని తీసుకుని వెళ్ళాం. అప్పటికి ఆవిడకి రెండు చెవులూ పోయాయి, మనిషి నోటి కదలిక చూసి మాట పట్టుకునేది. సమాధులు చాలా పెరిగాయి. ముళ్ళపొదలు తొలగించి వెతికి వెతికి, వాడి బాబాయి పాతిన ఇనప ముక్కని బట్టి గుర్తుపట్టాం. మొఖేలే మేస్టారు పోయి రెండేళ్ళు. వచ్చినవాళ్ళలో మగవాళ్ళు ఇద్దరే, ఇద్దరివీ కింది గొంతులే.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. ఫోర్క్ కొట్టి, పళ్ళ మధ్య పెట్టుకుని, మాకు చెయ్యి ఊపింది. మేం పాడాం, ఈసారి మాటలతోనే. నీళ్ళనడుగు, నీళ్ళనడుగు. ఆవిడ ఒక్కో గుప్పెడు మట్టి తీసి వేస్తోంది, మా నోళ్ళు చూస్తూ. ఒంటరి ముక్క వచ్చింది. అందరూ ఆగారు. టెనార్ లేదు. పక్కన నిలబడ్డది నేనే. పద్ధతి ప్రకారం నేనే అందుకోవాలి. నా కింది గొంతుతోనే అందుకున్నాను, తాళం వేసినవాడా...

ఆవిడ చెయ్యి పట్టిన మట్టితో ఆగిపోయింది. నా నోటి వైపే చూసింది.

"నిజంగా పాడుతున్నావా మాలింపో," అంది, "లేక ఆ రోజు చెప్పినట్టు చెబుతున్నావా?"

తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలుసు. సగం మట్టే పాటతో పడిందనీ, మిగిలిన సగం ఉత్తగా పడిందనీ తెలుసు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తీసి నా గొంతు మీద పెట్టుకున్నాను. ఎముకలోంచి వినగలిగిన మనిషి, చేత్తోనైనా వింటుందని. పాడబోయాను. నోరు తెరిచి ఉంది, గాలి వస్తోంది, స్వరం రాలేదు. ఆవిడ వేళ్ళు కాసేపు అక్కడే ఎదురుచూశాయి. చల్లగా, మట్టి అంటుకుని.

తర్వాత చెయ్యి తీసేసుకుంది. పిడికిట్లో ఉన్న మట్టి సమాధి మీద వెయ్యలేదు. పక్కన వదిలేసి, దుప్పటికి చేతులు తుడుచుకుంది.

"పదండి," అంది. "గేటు మూసేస్తారు."

గేటు ఇప్పుడు అంత పెందలాడే మూయరని చెప్పాలనుకున్నాను. ఎలాగూ వినబడదని ఊరుకున్నాను. దారంతా ఆవిడ ముందు, మేం వెనక. ఆ చలికాలమే ఆవిడా పోయింది. ఇవతలే పూడ్చాం. చివరి పారెడు దాకా పాడాం, భక్తిపాట. కొడుకు పాట పాడదామన్నారు ఎవరో, టెనార్ ఎవరున్నారని అడిగాను. ఎవరూ ముందుకి రాలేదు.

ఫోర్క్ నా దగ్గరే ఉంది.